మామిడి తోటలో గూడుపురుగు



నూజివీటి వారికి మామిడిని గూర్చి చెప్పబోవుట తాతకు దగ్గులు నేర్పుటయే యగును. చిన్నరసమునకును పెద్దరసమునకును గల రుచిభేదమును కన్నులు మూసికొని చెప్పగల పెద్దలు మీలో నున్నారు. కావున నేడు పండును గూర్చి పలుకను. ఆకును చుట్టుకొని బ్రతుకు ఒక చిన్న పురుగును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

భాద్రపద మాసమున తోటలోనికి పోయి తలయెత్తి చూడుడు. కొమ్మల చివర, పచ్చని ఆకుల నడుమ, ఎండిన ఆకుల కుచ్చులు అచ్చటచ్చట కనబడును. దూరమునుండి చూచువారు పిట్టగూళ్లనుకొందురు. ఒకదానిని కోసి విప్పినచో ఆకులు సన్నని దారములతో ఒకదానికొకటి అతుకుకొని యుండును. లోపల నల్లని పెంటికలును, తాకినంతనే చరచర జారిపోవు పురుగులును ఉండును. ఇదియే గూడుపురుగు. శాస్త్రజ్ఞులు దీనిని ఆర్థాగా అను ప్రజాతిలో చేర్చిరి.

దీని తల్లి చిన్న రెక్కలపురుగు. అది ఆకులపై గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు మొదట గుంపుగా కూడి ఆకు పచ్చదనమును గీకి తినును. పెరిగినకొలది ఆకులను దగ్గరకు లాగి గూడు కట్టుకొని, ఈనెలు మాత్రము మిగిల్చును. పిదప గూటిలోనో, చెట్టుక్రింది మంటిలోనో నిద్రావస్థ నొంది, మరల రెక్కలపురుగులై వెడలును. ఇట్లు వర్షకాలము మొదలు మార్గశిరము వరకు తరము వెంట తరము సాగును.

"నాలుగాకులు పోయిన నేమి? పూతవేళకు మందు కొట్టుదము" అనువారు కలరు. పొరపాటిచ్చటనే యున్నది. పూత వచ్చునది కొమ్మల చివరలనుండి. ఆ చివరిరెమ్మ వానలలో చిగిర్చి, ముదిరి, తన ఆకులతో ఆహారము కూర్చుకొన్న పిమ్మటనే పూయగలదు. ఆకులు గూటిపాలైన రెమ్మ సరిగా పూయదు. వేసవిలో కాపు తక్కువైనదని మంచును, గాలిని నిందింతుము. ఆ కాపులో కొంత భాద్రపదముననే పోయినదని తలంపము.

తోటను పూతమీదనో పిందెమీదనో గుత్తకిచ్చు ఆచారము మీరెరిగినదే. గుత్తదారు కాపును చూచును. చెట్టును చూడవలసినవాడు యజమానియే. వానకాలమున తోటలో యజమాని అడుగుపెట్టనిచో పురుగే యజమాని యగును.

ఈ పురుగునకు గుబురు నీడ ఇష్టము. కావున కాయ కోత ముగియగానే లోపలి అడ్డుకొమ్మలను, ఎండుకొమ్మలను తీసి, చెట్టులోనికి ఎండ దిగునట్లు చేయవలెను. గూళ్లు కనబడినంతనే కాయలు కోయు దోటితోనే వానిని లాగి, చెట్టుక్రింద విడువక, ప్రోగుచేసి కాల్చవలెను. చెట్టుక్రింద నేలను పైపైన త్రవ్వినచో మంటిలోని పురుగులు ఎండకును పక్షులకును చిక్కును. గూళ్లు తీయక మందు చల్లినచో అది లోపలికి చక్కగా చేరదు, డబ్బు దండుగ. ఏ మందు, ఎంత, ఎప్పుడు అను సంగతిని నూజివీటిలోని మామిడి పరిశోధన స్థానము వారి నడిగి తెలిసికొనుడు.

2022లో నూజివీడు కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాలో చేరినది. జిల్లా మారినను పురుగు మారలేదు. దానికి మీ కంచెయు, పొరుగువాని కంచెయు ఒకటియే. ఒక్కరు తీసి పదుగురు ఊరకున్న ఫలము లేదు. కావున పెద్దలు ముందు నడచి, ఊరివారందరును ఒక్కమారుగా ఈ పనికి పూనుకొనునట్లు చేయుదురు గాక!