దుమ్ముకు తుమ్ములు – హోమియో ఎంతవరకు? (చీమకుర్తి నుంచి వచ్చిన ప్రశ్న)

ఈరోజు ఎపిసోడ్ ఒకే ఒక్క ప్రశ్న మీద. చీమకుర్తి నుంచి ఒకావిడ అడిగారు. వాళ్లాయన గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నారట. పొద్దున లేస్తే వరసగా తుమ్ములు, ముక్కు కారడం, కళ్లు దురద. హోమియో వాడితే తుమ్ములు తగ్గాయట. కానీ ఇప్పుడు నాలుగు నెలలుగా పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. తెలిసినవాళ్లు ఎవరో "రాతి దుమ్ము వల్ల వచ్చింది కాబట్టి రాతితోనే చేసిన మందు సైలీషియా వేసుకో, అదే లాగేస్తుంది" అన్నారట. "వాడొచ్చా అండీ?" అని అడిగారు.

అమ్మా, ముందు ముక్కు సంగతి చెప్తాను. ఛాతీ సంగతి తర్వాత. ఈ రెండూ ఒకటి కాదు.

ముక్కు అలర్జీ అంటే ఏంటంటే, మన శరీరం హాని లేని పదార్థాన్ని శత్రువు అనుకుని హిస్టమిన్ అనే రసాయనం వదలడం. మన వైపు దీనికి ముఖ్యమైన కారణాలు పరుపుల్లో ఉండే డస్ట్ మైట్స్, బూజు, వయ్యారిభామ పుప్పొడి. కాంగ్రెస్ గడ్డి అన్నా అదే, రోడ్డు పక్కన తెల్ల పూలతో కనిపిస్తుంది చూడండి, ఆ మొక్క. గుంటూరు మిర్చి యార్డులోకి వెళ్తే ఎవరికైనా తుమ్ములొస్తాయి, అది అలర్జీ కాదు, ఘాటు. బయటికొస్తే పోతుంది. రాతి దుమ్ము కూడా చాలామందికి ఇలా ముక్కును రాపిడి పెడుతుందే తప్ప అది అలర్జీ కాకపోవచ్చు. సెలవు పెట్టి ఊరెళ్లినప్పుడు తగ్గి, పనిలోకి రాగానే మొదలైతే పని చోటే కారణం అని అనుమానించాలి.

హోమియో డాక్టర్లు దీన్ని ఎలా చూస్తారంటే, జబ్బు పేరు కంటే లక్షణాల తీరు ముఖ్యం అంటారు. ముక్కు నీళ్లు మండుతూ కారి, కళ్ల నీళ్లు మండకపోతే అల్లియం సెపా, అంటే ఉల్లిపాయతో చేసింది. అదే తిరగబడి, కళ్లు మండుతూ ముక్కు మామూలుగా కారితే యూఫ్రేషియా. అర్ధరాత్రి దాటాక ఎక్కువై, వేడికి హాయిగా ఉంటే ఆర్సెనికం ఆల్బం. తుమ్ములు ఆగకుండా వస్తే సబాడిల్లా. ఉల్లిపాయ కోస్తే కళ్లు, ముక్కు కారతాయి కాబట్టి అలాంటి జలుబుకి అదే మందు. 1796లో హానిమన్ చెప్పిన సిద్ధాంతం ఇదే.

మందు మీద 30సి అని రాసి ఉంటుంది. ఒక వంతుని తొంభై తొమ్మిది వంతుల ద్రవంలో కలిపి, అందులో ఒక వంతు తీసి మళ్లీ కలిపి, ఇలా 30 సార్లు చేస్తారు. లెక్క వేస్తే ఒకటి పక్కన 60 సున్నాలు. 12 సార్లు దాటాకే అసలు పదార్థం తాలూకు ఒక్క అణువైనా మిగలడం దాదాపు అసాధ్యం. అందుకే ఇది ఎలా పనిచేస్తుందని సైన్స్ వాళ్లు అడుగుతారు.

పరీక్షలు జరగలేదా అంటే జరిగాయి. అదీ ముక్కు అలర్జీ మీదే. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో డాక్టర్లు 1986లో పుప్పొడి జలుబు మీద లాన్సెట్ పత్రికలో రాశారు, హోమియో వాళ్లకి మేలు కనిపించిందన్నారు. 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సుమారు 50 మంది మీద ఇంకోటి వచ్చింది. అందులో ముక్కులో గాలి ఆడటం కాస్త మెరుగైంది గానీ, "మీకెలా ఉంది" అని అడిగితే ఉత్తుత్తి మందు వాళ్లకీ వీళ్లకీ తేడా రాలేదు. 2002లో అదే పత్రికలో 242 మంది మీద, డస్ట్ మైట్ పడని ఆస్తమా వాళ్లకి ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మందు కంటే మేలేమీ తేలలేదు. 2015లో ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలి అన్ని పరిశోధనలూ కలిపి చూసి, ఏ జబ్బుకీ హోమియో పనిచేస్తుందని నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది.

"మరి మా ఆయనకి తగ్గింది కదా" అంటారు. తగ్గిన మాట నిజమే అయ్యుంటుంది. అలర్జీ దానంతటదే హెచ్చుతగ్గులవుతుంది. బాగా ఎక్కువైనప్పుడే మనం డాక్టర్ దగ్గరికి పోతాం, ఆ తర్వాత ఎలాగూ కొంత దిగుతుంది. డాక్టర్ కూర్చోబెట్టి గంటసేపు వినడం కూడా ఒక ఊరటే, దాన్ని నేను తీసిపారేయను. ఉత్త తుమ్ముల వరకైతే ఈ మందు వాడినందువల్ల పెద్ద నష్టం లేదు. కాకపోతే పేరు, కంపెనీ లేని పొట్లం పొడులు మాత్రం ఎవరిచ్చినా తీసుకోకండి. స్టెరాయిడ్ కలిపేవాళ్లు ఉంటారు.

ముక్కుకి రుజువైన దారి ఏంటంటే, కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి ముక్కు కడగడం, డాక్టర్ రాసిన స్టెరాయిడ్ స్ప్రే రోజూ వాడటం. స్ప్రేని మధ్య గోడ వైపు కాకుండా చెవి వైపు తిప్పి కొట్టాలి. ఒక్కరోజులో తగ్గదు, రెండు వారాలు చూడాలి. సెట్రిజిన్ మాత్ర కొందరికి నిద్ర తెప్పిస్తుంది, కటింగ్ మిషన్ దగ్గర నిలబడేవాళ్లు పగలు వేసుకోవద్దు. మెడికల్ షాపులో ఇచ్చే ముక్కు దిబ్బడ చుక్కలు ఐదు రోజులు మించితే దిబ్బడ ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు ఛాతీ. నాలుగు నెలల దగ్గు, మెట్లెక్కితే ఆయాసం ముక్కు అలర్జీ లక్షణాలు కావు. రాతిలోని సిలికా సన్నని పొడిగా ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు చేస్తే దాన్ని సిలికోసిస్ అంటారు. ఒకసారి వచ్చాక ఆ మచ్చల్ని పోగొట్టే మందు ఏ వైద్యంలోనూ లేదు. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకి టీబీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. సైలీషియా సిలికాతో చేసిందే, నిజమే. పేరు ఒకటైనంత మాత్రాన ఆ గోళీ ఊపిరితిత్తుల్లోంచి దుమ్ము లాగదు. ఇక్కడ నష్టం గోళీ వల్ల కాదు, దాన్ని నమ్ముకుని ఎక్స్‌రే తీయించకుండా పోగొట్టుకునే నెలల వల్ల.

"మా గెలాక్సీ రాయిలో సిలికా తక్కువ" అని కొందరంటారు. కొంతవరకు నిజమే. బ్లాక్ గెలాక్సీని మనం గ్రానైట్ అంటాం గానీ భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి రాయి, క్వార్ట్జ్ చాలా తక్కువ. అసలు గ్రానైట్‌లో ఐదో వంతు పైనే ఉంటుంది. కానీ పాలిషింగ్ యూనిట్లలో బయటి నుంచి వచ్చే రంగు గ్రానైట్లు కూడా కోస్తారు కదా. మీ ఆయన ఎనిమిదేళ్లలో ఏ రాయి కోశారో ఆయన్నే అడగండి.

కాబట్టి అమ్మా, ఈ వారంలోనే ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. దగ్గు మందు అడిగి వచ్చేయకండి. "ఎనిమిదేళ్లుగా రాతి పాలిషింగ్ పని" అని మీరే చెప్పి చీటీలో రాయించండి. ఛాతీ ఎక్స్‌రే, కఫం పరీక్ష, ఊపిరి ఊది చూసే పరీక్ష అడగండి. టీబీ పరీక్ష, మందులు ప్రభుత్వంలో ఉచితం. ఇన్‌హేలర్ రాస్తే గోళీల కోసం దాన్ని ఆపొద్దు. సిలికోసిస్ అని తేలితే, అది చట్టంలో చెప్పిన జబ్బు, కాబట్టి ఆ కాగితాలు జాగ్రత్తగా దాచుకోండి, నష్టపరిహారం అడగడానికి పనికొస్తాయి. దగ్గులో రక్తం పడినా, జ్వరం, బరువు తగ్గడం ఉన్నా వారం కూడా ఆగకండి.

పనికి వెళ్తూనే ఉంటే, కోసేటప్పుడు నీళ్లు పడుతూ ఉండాలి. పొడిగా గ్రైండింగ్ చేయొద్దు. మూతికి కట్టుకునే తువ్వాలు సన్న దుమ్ముని ఆపదు, ఎన్95 మాస్కు కావాలి. పని బట్టలు ఇంట్లో దులపొద్దు, పిల్లలు పీలుస్తారు. బయటే తడిపి ఉతకండి.

ఎక్స్‌రే వచ్చాక రిపోర్టులో ఏం రాశారో మళ్లీ చెప్పండి, దాని మీద ఇంకో ఎపిసోడ్ చేద్దాం.