మ్యూజియం బీరువాలో మన ఊరి పేరు

మ్యూజియం అనగానే మనకి అద్దాల వెనక పెట్టిన వస్తువులే గుర్తొస్తాయి. నిజానికి అది చాలా చిన్న భాగం. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో దాదాపు 8 కోట్ల నమూనాలున్నాయి. సీతాకోకచిలుకలు, పురుగులు, శిలాజాలు, ఎండబెట్టి కాగితానికి అంటించిన మొక్కలు... ఇలా ఎన్నో. అందులో చూడ్డానికి వెళ్లినవాళ్లకి కనిపించేది కొంచెమే. మిగతావన్నీ బీరువాల్లో, సొరుగుల్లో ఉంటాయి.

ఆ నమూనాల పక్కన ఒక చిన్న చీటీ ఉంటుంది. ఎవరు సేకరించారు, ఎక్కడ, ఏ తేదీన అని దానిమీద రాసుంటుంది. చీటీ లేకపోతే అది ఒట్టి ఎండిన మొక్క. చీటీ ఉంటే అదొక సాక్ష్యం.

ఎలాగంటారా? అమెరికాలోని బోస్టన్‌లో ఆర్నాల్డ్ ఆర్బొరేటం అని ఒక చెట్ల తోట ఉంది. అక్కడి పాత ఎండు నమూనాల మీదున్న తేదీలు చూసి, చెట్లు అప్పట్లో ఎప్పుడు పూసేవో పరిశోధకులు లెక్కగట్టారు. 1900–1920 మధ్య కంటే 1980–2002 మధ్య సగటున 8 రోజులు ముందే పూస్తున్నాయని తేలింది. ఆ ఫలితాలు 2004లో ప్రచురించారు. వాతావరణం వేడెక్కుతోందని చెట్లే చెప్పాయన్నమాట.

మరి ఫోటో తీసి పెట్టేస్తే సరిపోదా? సరిపోదు. ఫోటోలో ఉన్న రాతని సెర్చ్ చేయలేం కదా. పైగా అవి వందేళ్ల నాటి గొలుసుకట్టు రాతలు, వెలిసిపోయిన సిరా. సాఫ్ట్‌వేర్ చాలాచోట్ల తడబడుతుంది. అందుకే మనుషులు కావాలి. ఆస్ట్రేలియాలో 2011లో డిజివాల్ మొదలైంది. 2013లో జూనివర్స్ సైట్‌లో నోట్స్ ఫ్రమ్ నేచర్ వచ్చింది. డిగ్రీ అడగరు, డబ్బు అడగరు. స్క్రీన్ మీద చీటీ ఫోటో వస్తుంది. ఊరు, తేదీ, సేకరించినవారి పేరు చదివి టైప్ చేయడమే పని. మీరొక్కరు చేసింది అలాగే వదిలేయరు. ఇంకొకరితో కూడా చేయించో, తెలిసినవాళ్లు సరిచూసో ఖాయం చేస్తారు.

దీనికి తొందరెందుకు? 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ కాలిపోయింది. 2018 సెప్టెంబర్‌లో బ్రెజిల్ నేషనల్ మ్యూజియం కాలిపోయింది. అక్కడ దాదాపు 2 కోట్ల వస్తువులుండేవి, ఎక్కువ శాతం పోయాయి. చీటీ ముందే టైప్ చేసి ఉంటే పోయిన పురుగు తిరిగి రాదు. కానీ అది ఎక్కడ, ఎప్పుడు బతికిందో ఆ సమాచారమైనా మిగులుతుంది.

ఇక మన సంగతి. 1780లలో విలియం రాక్స్‌బర్గ్ అనే డాక్టర్ మన సామర్లకోటలో ఉండి మొక్కల్ని సేకరించాడు. తర్వాత వచ్చిన ఆయన కోరమాండల్ మొక్కల పుస్తకంలో తెలుగు పేర్లు కూడా రాశాడు. ఆయన సేకరించిన మొక్కలు ఈరోజుకీ బ్రిటన్‌లోని హెర్బేరియంలలో ఉన్నాయి. పాత చీటీల మీద విజగపటం, మసులీపటం, బెజవాడ లాంటి పేర్లు కనిపిస్తే వేరే దేశంలో ఉన్న వాలంటీర్ ఏం చేస్తాడు? మ్యాప్‌లో వెతికి తల పట్టుకుంటాడు. మీకైతే చూడగానే తెలుస్తుంది.

మొదటిరోజే మన ఊరి చీటీ వస్తుందని చెప్పట్లేదు. ఏ ఆస్ట్రేలియా పురుగో రావచ్చు. వచ్చింది చేయండి. ఒక్క జాగ్రత్త: అక్షరం అర్థం కాకపోతే ఊహించి రాయకండి. ఉన్నది ఉన్నట్టు రాసి, మీ అనుమానం నోట్స్‌లో పెట్టండి. తప్పు ఊరి పేరు ఖాళీ గడి కంటే ప్రమాదం.

టైపింగ్ ఉంటుంది కాబట్టి ల్యాప్‌టాప్ అయితే హాయి. లేకపోతే ఫోన్ బ్రౌజర్‌లోనే ప్రయత్నించండి. ఈ ఆదివారం ఒక్క చీటీ చదివి, ఏ ఊరు వచ్చిందో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను మరి.