నీళ్ల కింద పట్నం

మన కోదాడ, మిర్యాలగూడ వైపు పొలాలకు సాగర్ ఎడమ కాలువ నీళ్లు వస్తాయి గదా. ఆ సాగర్ నీళ్ల కింద ఒక పట్నం వున్నది. దాని పేరు విజయపురి.

ఊరు పట్నం ఎట్లా అయితది? తినగా గింజలు మిగలాలి. అప్పుడు అందరూ నాగలి పట్టే పని లేదు. కొందరు కుండలు చేస్తారు, కొందరు రాళ్లు చెక్కుతారు, కొందరు బేరం చేస్తారు. సింధు నది లోయలో నాలుగున్నర వేల ఏళ్ల కిందటే హరప్పా, మొహెంజొదారో ఇట్లాగే లేచాయి.

కృష్ణ ఒడ్డున విజయపురి చాలా తర్వాతది. సుమారు 1700 ఏళ్ల కిందట ఇక్ష్వాకు రాజులు అక్కడి నుంచి ఏలారు. కోట కట్టారు. ఏట్లోకి దిగే రాతి మెట్లు కట్టారు. జనం కూచొని ఆటలు చూసే రాతి అరుగులూ వున్నాయి. రోము దేశపు బంగారు నాణేలు అక్కడ దొరికాయి. అంత దూరం బేరం నడిచిందన్న మాట!

అక్కడి రాళ్ల మీద ఆడవాళ్ల పేర్లు ఎన్నో వున్నాయి. రాజు చాంతమూలుని తోబుట్టువు చాంతిసిరి మహాచైత్యం కట్టించింది. బోధిసిరి రాణి కాదు. అయినా సింహళ భిక్షువుల కోసం చైత్యం కట్టించింది. అత్తింటివాళ్ల పేర్లే కాదు, పుట్టింటివాళ్ల పేర్లు కూడా రాయి మీద చెక్కించింది. ఆ అక్షరాలు బ్రాహ్మీ లిపి. మన తెలుగు అక్షరాలు దాని నుంచే వచ్చాయి.

1955లో ఆనకట్టకు పునాది పడింది. 1960 దాకా తవ్వకాలు జరిగాయి. కొన్ని కట్టడాలను విప్పి, కొండ మీద మళ్లీ నిలబెట్టారు. ఆ కొండ ఇప్పుడు నీళ్ల నడుమ దీవి. లాంచీ ఎక్కి పోయి చూడవచ్చు. మిగతా పట్నం నీళ్లలోనే వుంది. ఆ నీళ్లే కాలువలో పడి మన మడులకు వస్తాయి.