మా అబ్బాజాన్ గారి జ్ఞాపకాలు



మా అబ్బాజాన్ గారు బందరులో 2019లో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. మూడోరోజు జియారత్‌కు వచ్చినవారంతా ఆయన నమాజు గురించి, నీతి గురించి చెప్పారు. నిజమే గానీ, ఆ మాటలు ఏ పెద్దమనిషి గురించైనా చెప్పవచ్చు కదా!

మా ఫుప్పీ మాత్రం, "అన్నయ్యకు బిర్యానీ కంటే ఖట్టీ దాలే ఇష్టం" అని మొదలుపెట్టి, మాటల్లో, "మా అమ్మాయి పెళ్ళికి షామియానా తన పేరు మీదే తెప్పించాడు. డబ్బు పూర్తిగా ఇచ్చాడో లేదో" అన్నారు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఆయన లెక్కల పుస్తకం ఉర్దూలో ఉంది. మా తమ్ముళ్ళ పిల్లలెవరికీ చదవరాదు, మేమే చదివాము. 4,500 రూపాయలు బాకీ. షరీఅత్ ప్రకారం మయ్యిత్ అప్పు తీరిన తరువాతే వారసుల వాటా. మర్నాడే అన్నదమ్ములం వెళ్ళి ఇచ్చాము.

ఆ షామియానా ముసలాయన డబ్బు కళ్ళకద్దుకుని, "1977 నవంబరు ఉప్పెనలో మీ నాన్నగారు నా గుడ్డలన్నీ దివిసీమ జనానికి నీడ కోసం పట్టుకెళ్ళారు. చిరిగిపోయిన వాటికి తన జీతంలోంచి నెలనెలా కట్టారు బాబూ" అన్నాడు.

ఈ సంగతి మా అమ్మీకి కూడా తెలియదు.