దెబ్బ తినేవాడే నడిపే యుద్ధం



స్నాతకోత్సవంలో కత్తుల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాదనలేదు. వారికి కృతజ్ఞతలు. నాటకాల్లో యుద్ధ సన్నివేశాలు కూర్చడం నా పని. వేదిక మీద ఇద్దరు కత్తులు దూస్తే చూసేవాళ్లకు ఊపిరాడకూడదు, ఆడేవాళ్లకు గోరంత గాయం కాకూడదు. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో మీతో చెప్పుకుందామని వచ్చాను. మీలో రంగస్థల కళలు చదివినవాళ్లకు ఇది వృత్తి. కంప్యూటర్లు చదివినవాళ్లలోనూ రేపు సాయంత్రాలు నాటకాలాడేవాళ్లు ఉంటారని నాకు తెలుసు. ఈ మాటలు వాళ్లకు మరీ ఎక్కువ అవసరం.

ఈ గచ్చిబౌలి నుంచి లింగంపల్లి వైపు వెళ్తే శేరిలింగంపల్లిలో సురభి నాటక కుటుంబాలు ఉండే సురభి కాలనీ ఉంది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. సురభి వారి నాటకం అంతకు నూరేళ్ల పైచిలుకు ముందే మొదలైంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు ఆడించిన తొలి నాటకం 'కీచక వధ'. మన వృత్తి నాటక సమాజాల్లో ఇంత పేరున్న ఈ సమాజం తొలి అడుగే ఒక పోరాట సన్నివేశంతో పడింది. భీముడు కీచకుణ్ణి చంపకుండా ఆ నాటకం ముగియదు కదా! అంతకు ముందు ఆ కుటుంబాలవారు తోలుబొమ్మలాట ఆడేవారు. తెర మీద బొమ్మను బొమ్మతో ఎంత గట్టిగానైనా కొట్టించవచ్చు, తోలు చిరిగితే కుట్టుకోవచ్చు. బొమ్మల స్థానంలో మనుషులు వచ్చి నిలబడిన రోజున కొట్టకుండా కొట్టినట్టు చూపించడం ఎలా అన్న ప్రశ్న పుట్టింది. నా వృత్తి అంతా ఆ ప్రశ్నకు వెతుక్కున్న జవాబే.

సురభి 'మాయాబజార్' చూసినవాళ్లకు అభిమన్యుడూ ఘటోత్కచుడూ తలపడే ఘట్టం గుర్తుండే ఉంటుంది. బాణాలు మంటలు కక్కుతూ చెరో పక్క నుంచి వచ్చి వేదిక మధ్యలో ఢీకొంటాయి. వాటిని నడిపే తీగలు ప్రేక్షకుడికి కనపడవు. వాటిని లాగే చేతులు పక్క తెర వెనక ఉంటాయి. ఆ చేతులు బాబాయివో, బావమరిదివో, నిన్న అదే వేషం కట్టిన పెద్దన్నవో అయి ఉంటాయి. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి ఆ పిల్లలు ఈ యుద్ధాలు చూస్తూ పెరుగుతారు. ఎదురుగా కత్తి పట్టినవాడు ఎప్పుడు అలసిపోతాడో, ఏ కాలు ముందు వేస్తాడో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు. వాళ్ల నాటకంలో భద్రతను చూసుకునేది ఆ చుట్టరికమే అని నా నమ్మకం.

మీకు ఆ సదుపాయం లేదు. రాయదుర్గంలోనో నానక్‌రామ్‌గూడలోనో ఆఫీసు వదిలేసరికి చీకటి పడుతుంది. ట్రాఫిక్‌లో ఈదుకుంటూ మాదాపూర్‌లో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌కో చేరేసరికి తొమ్మిదవుతుంది. పొద్దుటి నుంచి తెర చూసిన కళ్లు మండుతుంటాయి. ఎదురుగా కత్తి పట్టుకుని నిలబడ్డ మనిషి పరిచయమై పదిహేను రోజులు కూడా అయి ఉండదు. అతనికి రాత్రి షిఫ్టు పడితే వచ్చేవారం ఆ వేషానికి ఇంకొకరు వస్తారు. సురభి ఇంట్లో చుట్టరికం చేసే పనిని మీ సెల్లార్‌లో పద్ధతి చేయాలి. ఆ పద్ధతిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. వేదిక మీద యుద్ధాన్ని నడిపేది కొట్టేవాడు కాదు, దెబ్బ తినేవాడు.

తల మీదుగా అడ్డంగా వెళ్లే వేటు ఒకటి తీసుకుందాం. వీరుడు కత్తి విసిరాడు, శత్రువు ఆఖరి క్షణంలో తల వంచి తప్పించుకున్నాడు. ప్రేక్షకుడు చూసింది ఇది. వేదిక మీద జరిగిన క్రమం వేరు. ముందు ఇద్దరి చూపులూ కలుస్తాయి. కొట్టేవాడు కత్తిని భుజం వెనక్కి తీసుకెళ్లి లిప్తపాటు ఆపుతాడు. ఆ ఆపడమే సైగ. తప్పించుకునేవాడు వెంటనే మోకాళ్లు వంచి కిందికి దిగుతాడు. అతని తల కిందికి దిగిందని కళ్లారా చూశాకే కత్తి కదులుతుంది. అతను దిగలేదా, కత్తి ఉన్నచోటే ఉండిపోతుంది. పద్యం మధ్యలో ఉన్నా సరే, తబలా మోగుతున్నా సరే. కత్తి వచ్చింది కాబట్టి తల వంచాడని ప్రేక్షకుడు అనుకుంటాడు. నిజానికి తల వంచాడు కాబట్టే కత్తి వచ్చింది.

పొడవడమూ అంతే. కత్తి మొన ఎప్పుడూ పొట్ట మీదికి గురిపెట్టి రాదు. నడుముకు జానెడు అవతల, ప్రేక్షకులకు కనపడని వైపు నుంచి వెళ్తుంది. పొడిపించుకున్నవాడు మోచేతిని దగ్గరికి లాక్కుని, ముందుకు వంగి, లోపలున్న ఊపిరంతా వదిలేస్తాడు. చావు ఆ ఊపిరిలో వినపడాలి. అతను తల ఎత్తి చూస్తేనే కత్తి వెనక్కి రావాలి. పడేటప్పుడు మోకాళ్ల మీదో మోచేతుల మీదో ధడేల్‌మని పడకూడదు. ముందు కూర్చోబోతున్నట్టు కిందికి దిగి, తొడ కండ మీదికి ఒరిగి, అక్కడి నుంచి భుజం మీదికి వాలాలి. అందుకే నేను ఎప్పుడూ ఓడిపోయే పాత్రధారికే ముందు నేర్పుతాను. దర్శకులు మాత్రం నాయకుడి వేషం కట్టినవాణ్ణే నా ముందుకు తోస్తారు. కత్తి తిప్పడం రెండు వారాల్లో వస్తుంది. చక్కగా చావడం నేర్చుకోవాలంటే ఎక్కువ రోజులు పడుతుంది.

ఇక ఇద్దరి మధ్య ఎడం సంగతి. చేయి పూర్తిగా చాచి కత్తి పట్టుకుంటే, దాని మొనకూ ఎదుటివాడి ఛాతీకీ మధ్య జానెడు ఖాళీ మిగలాలి. ప్రేక్షకులకు ఐమూలగా నిలబడితే ఆ ఖాళీ మొదటి వరసలో కూర్చున్నవాళ్లకు కూడా కనపడదు. అయితే ఈ కొలత ట్రాక్‌ప్యాంట్లతో, బూట్లతో చూసుకుంటే చాలదు. మన పౌరాణికాల్లో కిరీటం పెట్టుకున్నవాడు తల గబుక్కున వంచలేడు. భుజకీర్తులు కట్టుకుంటే చెయ్యి భుజం దాటి పైకి లేవదు. పంచె కుచ్చెళ్లు వెనకడుగులో కాలికి చుట్టుకుంటాయి. గద పట్టినవాడికి ఇంకో బరువు. అందుకని చివరి వారం రిహార్సళ్లన్నీ పూర్తి ఆహార్యంతో జరగాల్సిందే. బట్టలు నలుగుతాయని మేనేజరు అడ్డుపడితే గట్టిగా వాదించండి.

కత్తి కొనేటప్పుడు చాలామంది పాతబస్తీ అంగళ్లలో గోడకు తగిలించుకునే అలంకారపు కత్తి తెచ్చుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. చాలా అలంకారపు కత్తుల్లో పిడిలోకి దిగే ఇనుము చిటికెన వేలంత కూడా ఉండదు. నాలుగు వేట్లకు అది లోపల విరిగి అలుగు ఎగిరిపోతుంది. ఎక్కడికి ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు, ముందు వరసలో పిల్లలుంటారు. అంచు రూపాయి బిళ్లంత మందంగా, మొన గుండ్రంగా ఉండాలి. అలుగు, పిడిలోకి దిగే ఇనుము ఒకే ముక్కగా ఉండాలి. ప్రతి రిహార్సల్ తరవాత అంచు మీద బొటనవేలు జాగ్రత్తగా నడిపి చూడండి. కత్తికి కత్తి తగిలిన చోట చిన్న చిన్న గాట్లు పడి లోహం లేస్తుంది. మొద్దు కత్తి రంపం అవుతుంది. ఆకురాయితో రుద్ది నునుపు చేశాకే దాన్ని ఒరలో పెట్టాలి. డబ్బు తక్కువైతే సైన్యం చేతుల్లో చెక్క కత్తులు ఉండనివ్వండి, తలపడే ఆ ఇద్దరికీ మంచి కత్తులు కొనండి.

ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. 2008 డిసెంబరులో వియన్నా నగరంలోని బుర్గ్‌థియేటర్‌లో షిల్లర్ రాసిన 'మరియా స్టువర్ట్' ఆడుతున్నారు. గొంతు కోసుకునే ఘట్టంలో నటుడి చేతికి మొద్దుబార్చని నిజమైన చాకు వచ్చింది. నెత్తురు కారుతుంటే నటన అద్భుతమని ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. ఆయన బతికి బయటపడ్డారు. 1947లో ఇంగ్లండులోని ఓల్డమ్‌లో 'మాక్‌బెత్' ఆఖరి యుద్ధంలో కత్తి దిగిన నటుడు మాత్రం కొన్ని వారాలకు చనిపోయారు. తరవాత 1969లో బ్రిటన్‌లోనూ, 1977లో అమెరికాలోనూ యుద్ధ సన్నివేశాలు కూర్చేవాళ్లు సంఘాలు పెట్టుకున్నారు. అక్కడి నాటకశాలల్లో స్థిరపడ్డ ఒక అలవాటును మనమూ తెచ్చుకోవాలి. ప్రతి ప్రదర్శనకూ ముందు, వేషాలు కట్టాక, తెర లేవకముందు, అదే వేదిక మీద అవే దీపాల్లో యుద్ధం మొత్తం ఒకసారి సగం వేగంతో, ఒకసారి పూర్తిగా ఆడి చూసుకోవాలి. నూరో ప్రదర్శన అయినా సరే, నాయకుడు పెద్ద పేరున్నవాడైనా సరే. ఎవరైనా రాలేదంటే ఆ రోజు ఆ యుద్ధాన్ని తగ్గించి ఆడాలి.

ఇంకో మాట మన నాటకానికే ప్రత్యేకం. రిహార్సల్‌లో ఏదైనా తేడా వస్తే ఎవరైనా సరే ఆపమని అరవాలి. ఏమని అరుస్తారు? "ఆగు" అంటే చాలదు. పౌరాణికంలో సగం యుద్ధాలు "ఆగుము" అన్న మాటతోనే మొదలవుతాయి. అవతలివాడు అది డైలాగు అనుకుని ఇంకాస్త ఉత్సాహంగా కత్తి ఎత్తుతాడు. అందుకని మనిషి అసలు పేరుతో పిలవండి. దుర్యోధనుణ్ణి "సురేశ్!" అని పిలిస్తే చెయ్యి దానంతటదే ఆగుతుంది.

ఇంత కట్టుబాటు మధ్య ఉత్కంఠ ఎక్కడి నుంచి వస్తుందని మీరు అడగాలి. వేగం నుంచి రాదు. వేగంగా తిరిగే కత్తుల్ని ప్రేక్షకుడు అరనిమిషం చూస్తాడు, తరవాత అతనికి ఏదీ కనపడదు. యుద్ధానికి ముందు ఆ ఇద్దరి మధ్య ఏముందో యుద్ధంలోనూ అదే ఉండాలి. పద్యంలో ఎవరు ఎవర్ని అవమానించారో మొదటి వేటులో తెలియాలి. మధ్యలో ఒకసారి ఇద్దరూ విడిపోయి చుట్టూ తిరగనివ్వండి. ఒకడి కత్తి జారిపోవాలి, రెండోవాడు దాన్ని కాలితో తన్నేస్తాడా, తీసి అందిస్తాడా అని హాలంతా చూడాలి. ఆ రెండు క్షణాల్లో ఎవరూ కత్తి ఊపరు, అయినా గుండెలు కొట్టుకునేది అప్పుడే. 'కత్తి' కాంతారావు గారి జానపద సినిమాలు చూసి పెరిగిన తరం మాది. కోదాడ దగ్గర గుడిబండలో పుట్టి, నాటకాల మీదుగా ఆయన తెరకెక్కారు. ప్రతినాయకుడి వేషంలో ఉన్న రాజనాల గారితో ఆయన తలపడుతుంటే నేను కత్తుల కంటే వాళ్ల ముఖాలే ఎక్కువ చూసేవాణ్ణి. ఒకరి నవ్వు ఎక్కడ ఆగిపోయిందో, ఇంకొకరికి ఎక్కడ ధైర్యం వచ్చిందో స్పష్టంగా తెలిసేది. సినిమాకు ఎడిటింగ్ బల్ల ఉంది, మళ్లీ టేక్ ఉంది. మీకు అవి లేవు కాబట్టి ముఖాల మీద ఇంకా ఎక్కువ పని చేయండి.

సంగీతం గురించి హార్మోనిస్టుతో, తబలా వాయించేవాళ్లతో ముందే మాట్లాడుకోండి. యుద్ధంలో వాద్యం నటుల వెంట రావాలి. నటులు వాద్యం వెంట పరుగెడితే, తబలా జోరందుకున్న రోజున వేట్లు కూడా అదుపు తప్పుతాయి. పద్యానికి వన్స్‌మోర్ కొడితే సంతోషంగా పాడండి, అది మన సంప్రదాయం, ఎక్కడా లేని అందం. యుద్ధానికి మాత్రం వన్స్‌మోర్ ఇవ్వకండి. అప్పటికి ఊపిరి అయిపోయి ఉంటుంది, చెమటకు పిడి జారుతుంటుంది, చప్పట్ల హుషారులో చూపులు కలుపుకోవడం మరిచిపోతారు. చేతులు జోడించి నిలబడండి, చాలు. ప్రేక్షకులు నొచ్చుకోరు.

ఒక కోరిక. మన నాటకాల కరపత్రాల మీద మేకప్ ఎవరు, లైటింగ్ ఎవరు, హార్మోనియం ఎవరు అని వేస్తాం. యుద్ధం కూర్చినవాళ్ల పేరు అరుదుగా కనిపిస్తుంది. పేరు లేనప్పుడు బాధ్యత ఎవరిదో తెలియదు, నేర్చుకునే పిల్లలకు గురువెవరో తెలియదు. మీరు ఏ శిల్పకళా వేదికలో ఆడినా, ఏ కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆడినా, ఆ పేరు అచ్చు వేయించండి. మీ కత్తి సాధన మొదలుపెట్టే ముందు ఒక ఆదివారం శేరిలింగంపల్లి వెళ్లి, సురభి పెద్దల అనుమతి అడిగి, వాళ్ల రిహార్సల్ ఒక మూల కూర్చుని చూడండి. ముఖ్యంగా పడిపోయే వేషం కట్టినవాళ్లనే గమనించండి. తరవాత మీ మొదటి యుద్ధం కూర్చుకున్నాక నాకు కబురు చేయండి. ప్రదర్శన రోజున ముందు వరస టికెట్టు నాకొద్దు. తెర లేవడానికి గంట ముందు, వేషాలు కట్టుకుని మీరు సగం వేగంతో ఆడి చూసుకునేటప్పుడు వస్తాను.