కష్టమెరిగిన పిల్లల కథలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగపూట పిల్లల పుస్తకాలను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. రాజకుమారుల కథలు మనకు కొత్తగావు. అమ్మ జబ్బు, నాన్న నిరుద్యోగం, రైలుఛార్జీ - వీటినే కథలుగా అల్లి పిల్లల మనసు దోచిన జర్మన్ రచయిత ఎరిఖ్ కెస్ట్‌నర్‌ను గురించి మనవి చేస్తాను.

ఆయన 1899లో డ్రెస్డెన్‌లో పుట్టాడు. తల్లి ఇంట్లోనే ఆడవారికి జుట్టు తీర్చిదిద్దే పనిచేసి కొడుకును చదివించింది. 1929లో వెలువడిన 'ఎమిల్' నవలలో తల్లిదీ అదే వృత్తి, తండ్రి లేడు. ఆమె 140 మార్కులు కొడుకు చేతికిచ్చి బెర్లిన్ పంపుతుంది. అందులో 120 అమ్మమ్మకు. పోతాయేమోనని పిల్లవాడు నోట్లను కోటుజేబుకు గుండుసూదితో గుచ్చుకుంటాడు. అయినా రైల్లో నిద్రపట్టగానే దొంగ కాజేస్తాడు. బెర్లిన్ పిల్లలు కూడి ఆ దొంగను వెంటాడి పట్టిస్తారు. డబ్బు ఎవరిదన్న తగవు వచ్చినప్పుడు, నోట్లకున్న సూదిరంధ్రాలే సాక్ష్యం! ఇంటికి డబ్బు పంపుకునే మనకు ఆ గుండుసూది విలువ ఒకరు చెప్పాలా?

1931 నాటి నవలలో ఆంటన్ అనే కుర్రవాడు, తల్లి మంచం పట్టగా, వంట తానే చేసి, రాత్రివేళ వంతెనమీద బూట్లతాళ్లు అమ్ముతాడు. తరగతిలో కునికిపాట్లు పడతాడు. మాస్టరుగారు తల్లికి ఫిర్యాదు వ్రాయబోతే, ధనవంతుల బిడ్డయైన స్నేహితురాలు అతనికి తెలియకుండా వెళ్లి అసలు సంగతి చెబుతుంది. 1933లో వచ్చిన 'ఎగిరే తరగతి గది'లో మార్టిన్‌కు ఇంటినుంచి వచ్చిన డబ్బు ఛార్జీకి చాలదు. క్రిస్మస్‌కు హాస్టల్లోనే ఉండిపోతూ, కారణం ఎవరికీ చెప్పడు. మాస్టరే పసిగట్టి, అడిగి, డబ్బిచ్చి పంపుతాడు.

ఆ ఏడే మే 10న నాజీలు బెర్లిన్‌లో కెస్ట్‌నర్ పుస్తకాలను తగులబెట్టారు. ఆయన గుంపులో నిలబడి చూశాడు. అయినా దేశం విడువలేదు. 1960లో ఆయనకు ఆండర్సన్ పతకం లభించింది. 1974లో కన్నుమూశాడు.

ఆయన కథల్లో పిల్లలు తల్లికి బెంగ కలుగుతుందని తమ కష్టాన్ని దాచుకుంటారు. ఎవరో ఒకరు అడిగినప్పుడే అది బయటపడుతుంది. పరాయిభాష బడిలో చదివే మన పిల్లల్లోనూ అలా దాచుకునేవారు ఉండవచ్చు. పరీక్ష మార్కులు అడిగే నోటితోనే వారి మనసులోని మాట కూడా అడుగుదాం. ఉగాది పచ్చడిలో వేపపువ్వు పిల్లలకూ పెడతాం గదా! కథల్లో మాత్రం వట్టి బెల్లమే ఎందుకు?