బస్తాకింత, నెలకింత

 

చదువు, యంత్రం, కూలి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఆర్థికశాస్త్రం చదవలేదు. పోర్టులో 30 ఏళ్లు క్రేను నడిపాను. అంతకుముందు పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు లెక్క రాసేవాణ్ని. మోసేది మా నాన్న.

నాన్నకి బస్తాకింత కూలి. జ్వరమొస్తే ఆ రోజు సున్నా. మా బాబాయి పోర్టులో కళాసీ. ఆయనా బస్తాలే మోసేవాడు. ఇద్దరిదీ వేలిముద్రే. కానీ 1948 నాటి డాక్ కార్మికుల చట్టం కింద ఇక్కడ డాక్ లేబర్ బోర్డు ఉండేది. రిజిస్టరులో పేరున్నవాడికి ఓడ రాని రోజున కూడా ఎంతో కొంత హాజరు డబ్బు దక్కేది. మార్కెట్లో అలాంటి రిజిస్టరేదీ లేదు. అందుకే, చదువొక్కటే కూలి పెంచుతుందని ఎవరన్నా నేనొప్పుకోను.

యంత్రం వచ్చాక మాత్రం చదువు గట్టిగా అడ్డుపడింది. 2003లో మన పోర్టులో కంటైనర్ టెర్మినల్ మొదలైంది. 20 అడుగుల పెట్టెలో 50 కిలోల బస్తాలు సుమారు 400 పడతాయి. గ్యాంగుకి పూటంతా పట్టే పనిని క్రేను నిమిషాల్లో తేల్చేస్తుంది. ఆ కేబిన్‌లో కూర్చోవాలంటే టెన్త్ కావాలి, శిక్షణ కావాలి. ఊరికే కాదు. క్రేను చెయ్యి ఎంత దూరం చాపితే ఎత్తగలిగే బరువు అంత తగ్గుతుంది. ఆ పట్టిక చదవడంలో పొరబడితే క్రేనే బోర్లాపడుతుంది. లెక్కల మాస్టారు విలోమానుపాతం చెబుతుంటే వెనక బెంచీలో నవ్వుకున్నవాణ్ని నేను. జీవితమంతా దానిమీదే తిన్నాను.

నా పక్కన కూర్చున్నవాడు లెక్కల్లో నాకంటే చురుకు. ఇంగ్లీషులో 7 మార్కులు తగ్గి టెన్త్ తప్పాడు, మార్కెట్లోనే ఉండిపోయాడు. నేను కేబిన్‌లోంచి దించిన సరుకు ఊళ్లోకొచ్చాక మళ్లీ వాడి వీపుమీదే దిగేది. పోర్టులో మా జీతాల ఒప్పందం దేశంలోని పెద్ద పోర్టులన్నిటికీ కలిపి జరిగేది. వాడి రేటుకి రోజూ బేరమే. ఇవాళ నాకు పింఛను వస్తోంది. వాడికి మోకాళ్ల నొప్పులు మిగిలాయి.

ఇప్పుడు ఫోను చూసుకుంటూ ఇంటింటికీ సరుకు చేరవేసే కుర్రాళ్లలో డిగ్రీ చదివినవాళ్లూ ఉన్నారు. వాళ్లకీ పార్సిలుకింత. ఇంత యంత్రం, ఇంత చదువు చేరాక కూడా మా నాన్న లెక్కే తిరిగొచ్చిందేమిటా అనిపిస్తుంది. మన టీచర్లు పిల్లలకి లెక్కలతోబాటు, ఉద్యోగపు కాగితం మీద సంతకం పెట్టేముందు అందులో ఏముందో చదవడం కూడా నేర్పాలి.

మరొక్క మాట. నా బెంచీవాడు ఈ సభలో లేడు. ఆహ్వానాలు టెన్త్ పాసైనవాళ్ల జాబితా చూసి పంపారట. వాడూ మన బడిలో పదేళ్లు చదివినవాడే. ఆదివారం పొద్దున్న నేను పూర్ణా మార్కెట్‌కి వెళ్తున్నాను. కార్యదర్శి గారూ, సభ్యత్వ రసీదు పుస్తకం ఒకటి నాకిప్పించండి.